పాస్తా వండిన రాత్రి

పాస్తా వండిన రాత్రి కూడా నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ అన్నం గిన్నె ఖాళీగా ఉండదు. పిల్లలు పళ్లాల్లో ఎర్రెర్రగా పెట్టుకుని టీవీ ముందు చేరతారు. ఇంటాయన నాలుగు ముద్దలు తిని బాగానే ఉందంటాడు. పెద్దావిడ, ఇది సేమ్యానే గదా, కాస్త లావుగా ఉంది అంతే, అని తేల్చేసి సగంలో ఆపేస్తుంది. పది నిమిషాలు గడవకముందే వంటింట్లో రైస్ కుక్కర్ మూత తీసిన చప్పుడు. కాస్త పెరుగన్నం పడితే గానీ కడుపు చల్లబడదని ముందు పెద్దవాళ్లు లేస్తారు, వాళ్ల వెనకే ఇంటాయన, చివరికి పాస్తా కావాలని మారాం చేసిన పిల్లవాడు కూడా. వండినావిడకు ఇది ముందే తెలుసు. అందుకే పాస్తాకు నీళ్లు పెట్టకముందే గ్లాసున్నర బియ్యం కడిగి కుక్కర్లో వేసి మీట నొక్కేసింది. మామూలు సంగతే. అయినా ఎక్కడో ఒక ముల్లులా గుచ్చుతుంది. పనిరోజు రాత్రి వంట తొందరగా తేలిపోవాలనే గదా పాస్తా? దాని పక్కన అన్నమూ వండితే కలిసొచ్చిన సమయం ఎంత? రెండు వంటలు చేసి ఒక్కదాని పేరు చెప్పడం ఎందుకు? ఈ లెక్క తేలాలంటే పొయ్యి దగ్గర కాసేపు నిలబడాలి.

పనిరోజు రాత్రి అన్న ఊహే ఈ వైపు కొత్తది. నెల్లూరు జిల్లాలో తూర్పు భాగం పెన్నా కాలువల కింద మాగాణి, మొలగొలుకుల బియ్యానికి పేరు. పడమరకు వచ్చేకొద్దీ నేల ఎర్రబడి, రాళ్లు తేలి, వెలిగొండల అంచున మెట్ట మొదలవుతుంది. సజ్జ, జొన్న, కంది, మినుము, కలిగిరి, డీసీపల్లి వేలం కేంద్రాలకు వెళ్లే పొగాకు, చెరువు నిండిన ఏడు కాస్త వరి. సోమశిల నీళ్లు అందిన పల్లెల సంగతి వేరు. సేద్యం చేసే ఇంటికి సోమవారమూ ఆదివారమూ ఒకటే. గుర్తుపెట్టుకోవాల్సింది సంత రోజు ఒక్కటే. రాత్రి వంట పొద్దు వాలకముందే అయిపోయేది, పగలు వండిన సంగటో పులుసో మిగిలి ఉంటే అదీ ఉండేది కాదు. ఉద్యోగాలు వచ్చాకే ఇళ్లలోకి వారం వచ్చింది. బడి, బ్యాంకు, ఆసుపత్రి, 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు: ఆ సచివాలయాల్లోనే రాష్ట్రమంతటా లక్ష మందికి పైగా కుర్రవాళ్లకు, అమ్మాయిలకు కొలువులు దొరికాయి. ఆత్మకూరులో పని, ఉదయగిరిలో ఇల్లు ఉన్న ఇల్లాలికి సాయంత్రం బస్సు దొరికితే గంటా గంటన్నర. దిగి, కూరగాయల బండి దగ్గర ఆగి, గడప దాటేసరికి ఏడు దాటుతుంది. ఎనిమిదిన్నరకు పిల్లలు హోంవర్కు మీదే తూగుతుంటారు. మధ్యలో ఉన్న ఆ గంటా గంటన్నరే పనిరోజు రాత్రి. దాని బలహీనత ఎక్కడుందో పాస్తా, నూడుల్స్ కంపెనీలకు బాగా తెలుసు. 1983లో మ్యాగీ ఈ దేశంలోకి వచ్చినప్పుడు రుచి కంటే ముందు తన రెండు నిమిషాలనే అమ్ముకుంది. ఆ రెండు నిమిషాల్లో నీళ్లు కాగే సమయం లెక్కలోకి రాదన్నది వండిన ప్రతివాళ్లకూ తెలిసిన రహస్యం.

ఆ గంటలోకి మొదట చొరబడింది పాస్తా కాదు, సేమ్యా. బాణలిలో చెంచాడు నెయ్యి, గుప్పెడు సేమ్యా. దోరగా వేగి గోధుమరంగు తిరిగే దాకా గరిటె ఆడిస్తూ ఉండాలి, ఒక్క క్షణం అటు చూస్తే ఒక మూల నల్లబడుతుంది. తీసి పళ్లెంలో పోసి, అదే బాణలిలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరపకాయ, కరివేపాకు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ. కప్పు సేమ్యాకు రెండు కప్పుల లోపు నీళ్లు. మూతపెట్టి నాలుగు నిమిషాలు. వేయించడం వాసన కోసమే అనుకుంటారు గానీ అసలు పని వేరు: వేగిన పోగు పైపొర గట్టిపడి నీళ్లలో పిండిని తొందరగా వదలదు, అందుకే ముద్ద కట్టదు. ఇటలీలో ఎండిన పాస్తాను వేయించరు. అక్కడ గట్టి గోధుమ చేసే పనిని ఇక్కడ బాణలి చేస్తుంది. ఇంతకీ సేమ్యా పాస్తా కాదా? ఇటాలియన్లు దీన్ని చూస్తే వెర్మిచెల్లి అంటారు, వాళ్ల భాషలో చిన్న చిన్న పురుగులని అర్థం. మన కిరాణా కొట్లలో దశాబ్దాలుగా సేమ్యాకు మారుపేరైన బాంబినో హైదరాబాదు సరుకు. ఆ మాటకు ఇటాలియన్‌లో పసిపిల్లవాడని అర్థం. ఇటలీ పేరు పెట్టుకున్న పొట్లాన్ని నలభై ఏళ్లుగా విప్పుతూ, తాలింపు వేస్తూ, పాస్తా మాత్రం నిన్నగాక మొన్న వచ్చిందనుకోవడం పెద్దావిడకు నవ్వు తెప్పించడంలో తప్పేముంది?

పోగు పుట్టుక గురించి లోకంలో తిరిగే కథ ఒకటుంది: మార్కో పోలో చైనా నుంచి మోసుకొచ్చి ఇటలీకి ఇచ్చాడని. అది కట్టుకథ. అతను వెనిస్ చేరింది 1295లో. అంతకు నూటనలభై ఏళ్ల ముందే, 1154లో, అరబ్బు భూగోళవేత్త అల్ ఇద్రీసీ సిసిలీలోని త్రాబియా అనే ఊళ్లో ఇత్రియ్యా అనే పిండి పోగులను విరివిగా తయారుచేసి ఓడల మీద ఎగుమతి చేస్తున్నారని రాసిపెట్టాడు. దానికీ నూరేళ్ల పైచిలుకు ముందు, 1025 ప్రాంతంలో, కన్నడంలో చావుండరాయడు కూర్చిన లోకోపకారంలో శావిగె వండే తీరూ, దాన్ని ఒత్తే అచ్చూ ఉన్నాయి. కన్నడ శావిగె, తమిళ సేవై, మన సేమ్యా, ఉదయగిరి ముస్లింల ఇళ్లలో రంజాన్ పొద్దున పాలలో మరిగే సేవియా, అన్నీ దగ్గరి చుట్టాలే. ఎవరు ఎవరికి ఇచ్చారన్న తగాదా తేలేది కాదు, తేలాల్సిన అవసరమూ లేదు. పిండిని నీళ్లతో కలిపి చిల్లుల్లోంచి నొక్కి ఎండబెట్టాలన్న ఆలోచన ఎండ బాగా కాసే చోట ఎవరికైనా వస్తుంది. ఉదయగిరిలో ఎండకు కొదవా?

ఇక పొట్లం. ఆత్మకూరు బజార్లో మాకరోనీ రెండు రకాలుగా దొరుకుతుంది. కిరాణా కొట్లో గోతంలోంచి కిలోల లెక్కన తూచి ఇచ్చేది ఒకటి, సూపర్ మార్కెట్‌లో మెరిసే పొట్లంలోది ఇంకొకటి. చూపుకు తేడా తెలియదు. ఉడికించాక తెలుస్తుంది: మొదటిది చాలాసార్లు అంచులు కరిగి, గరిటెకు అంటుకుని, చల్లారేసరికి ఒకే గడ్డ అవుతుంది. పిల్లలు తింటారు, పెద్దవాళ్లు మాత్రం దీన్ని వండటమెందుకన్నట్టు చూస్తారు. కారణం గోధుమలో ఉంది. ఇటలీలో ఎండు పాస్తాను డ్యూరం అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు, అక్కడి చట్టమూ అదే చెబుతుంది. దాని గింజ లేత పసుపుగా, గాజులా గట్టిగా ఉంటుంది. అందులోని మాంసకృత్తులు వలలా అల్లుకుని పిండిపదార్థాన్ని లోపలే పట్టి ఉంచుతాయి. మన దేశంలో ఆ గోధుమ పండేది ఎక్కువగా మధ్యప్రదేశ్‌లోని మాళ్వా వైపు. ఉప్మాకు కొందరు ఏరికోరి కొనే పసుపుపచ్చ బన్సీ రవ్వ కూడా డ్యూరందే. మైదాతో చేసిన మాకరోనీలో ఆ వల బలహీనం. కాబట్టి పొట్లం వెనక చిన్న అక్షరాల్లో డ్యూరం అన్న మాట ఉందో లేదో చూసుకోవడం కొన్ని రూపాయల తేడాకు తగిన పనే. లేకపోతే నాలుగు నిమిషాలు ముందే దించుకోవడం మేలు.

అసలు సందేహం నీళ్ల దగ్గర వస్తుంది. వంద గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, లీటరుకు పది గ్రాముల ఉప్పు, తర్వాత నీళ్లన్నీ పారబోయండి: ఇది ఇటలీ వాళ్ల సూత్రం. ఐదుగురున్న ఇంటికి నాలుగు వందల గ్రాములు అనుకుంటే నాలుగు లీటర్లు. ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరునీళ్లలో ఫ్లోరైడు సమస్య ఎప్పటి నుంచో ఉంది. తాగడానికీ వంటకూ చాలా ఇళ్లలో ఇరవై లీటర్ల క్యానే దిక్కు. క్యానులో ఐదో వంతు కాచి తొట్టిలో పారబోయమంటే ఏ ఇల్లాలికి చేతులాడతాయి? అయితే ఇక్కడే ఒక తమాషా. ఎక్కువ ఎసట్లో గింజను ఉడికించి, మెతుకు నలిపి చూసి, నీళ్లు వంచేయడం ఈ వంటింటికి కొత్త విద్య కాదు. దాని పేరు వార్చడం. కుక్కర్లు రాకముందు అన్నం అలాగే వండేవాళ్లు: మసిగుడ్డతో మూతను గిన్నెకు అదిమిపట్టి, ఒక పక్కకు వాల్చి, గంజి సన్నటి ధారగా కారేదాకా ఒంటి మీద ఆవిరి పడకుండా మొహం పక్కకు తిప్పుకుని నిలబడేవాళ్లు. చెయ్యి జారితే అన్నమంతా గంజిలోకి. ముంజేతి మీద గంజి బొబ్బ మచ్చ లేని అమ్మమ్మలు ఆ తరంలో అరుదు. కుక్కరొచ్చి ఆ విద్యను అటకెక్కించింది. పాస్తా మళ్లీ కిందికి దింపింది. పాస్తా గిన్నె కోడలు వంచబోతుంటే, అట్లా కాదు, మసిగుడ్డ ఇటివ్వు, అని పెద్దావిడ ముందుకొచ్చిన క్షణంలో ఎవరి వంట ఎవరికి తెలియదో చెప్పడం కష్టం.

గంజి సంగతి ఇంకా ఉంది. వార్చిన గంజిని ఎవరూ పారబోసేవాళ్లు కాదు. అందులో ఉప్పుగల్లు వేసుకుని తాగేవాళ్లు, బట్టలకు పెట్టేవాళ్లు, మిగిలింది కుడితి తొట్టిలోకి వెళ్లి గేదె పాలు కట్టేది. పాస్తా వార్చిన నీళ్లూ గంజే. మసకగా, కాస్త జిగటగా, ఉప్పగా. ఇటలీలో అనుభవమున్న వంటవాళ్లు దాన్ని ఒక గరిటెడు దాచి చివర్లో టమాటా గుజ్జులో కలుపుతారు. అందులోని పిండి నూనెనూ నీళ్లనూ విడిపోకుండా పట్టి ఉంచి గుజ్జును పాస్తాకు అంటుకునేలా చేస్తుంది. మిగతాది పోస్తారు. అంత ఉప్పు ఉన్నది కాబట్టి గేదెకూ అంతా పెట్టడానికి లేదు, ఇది నిజమే. అందుకని ఇక్కడ చాలామంది ఇంకో దారి తొక్కుతారు, అదీ పాతదే: అత్తెసరు. గింజ పీల్చుకునేంత నీళ్లే కొలిచి పోయడం, వార్చకపోవడం. ఎసరు సరిపోయీ సరిపోనట్టు ఉంటుంది కాబట్టే బొటాబొటీ మార్కులకు అత్తెసరు మార్కులన్న పేరు. అత్తెసరు పాస్తాకు లోతైన బాణలిలో పాస్తా మునిగి పైన వేలు మందం నీళ్లుంటే చాలు. అడుగంటకుండా గరిటె ఆడిస్తూ, నీళ్లు ఇగిరిపోతుంటే కాసిని వేడినీళ్లు చేర్చాలి. గంజి గిన్నెలోనే ఉండిపోతుంది కాబట్టి గుజ్జు దానంతటదే చిక్కబడుతుంది. లీటరున్నర నీళ్లతో ఐదుగురికి అవుతుంది. ఇటలీ వాళ్లు దీన్ని మెచ్చుకోకపోవచ్చు. వాళ్లు క్యాను మోసుకు రావడం లేదు కదా.

గుజ్జు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, టమాటా పచ్చడి చేయగలిగిన ప్రతి ఇల్లూ దాన్ని చేయగలదు. నాలుగు తెల్లగడ్డ రెబ్బలు చితక్కొట్టి నూనెలో వేసి, అవి ఎర్రబడకముందే ఎర్రగడ్డ, ఆ తర్వాత ముక్కలు చేసిన టమాటాలు, ఉప్పు, కారం. సన్నటి సెగ మీద నూనె పైకి తేలే దాకా. ఇటాలియన్ పద్ధతిలో తెల్లగడ్డ వాసన తగిలీ తగలనట్టు ఉండాలి, ఈ ఇళ్లలో ఒప్పుకోరు. ధర పెరిగినప్పుడు మాత్రం గుజ్జు రంగు మారుతుంది. 2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్‌లో కిలో టమాటా దాదాపు 200 రూపాయలకు ఎగబాకినప్పుడు రెండు టమాటాలకు నిమ్మకాయంత చింతపండు తోడైంది. పులుపు దిగింది గానీ అది పులుసుకు అల్లుడైపోయింది. చీజ్ ఉంటే తురుముతారు, లేకపోతే లేదు. ఒరెగానో అంటే పట్నంలో చదువుకునే పిల్లలు పిజ్జా పెట్టెల్లోంచి దాచి తెచ్చిన చిన్న చిన్న పొట్లాలు, పోపులపెట్టె పక్కనే ఒక డబ్బాలో ఉంటాయి. అవి అయిపోతే? పెరటి కుండీలో వాము ఆకు ఉంటుంది, జలుబుకు కషాయం కాచే దళసరి ఆకు, బజ్జీలు వేసే ఆకు. ఇంగ్లీషువాళ్లు దాన్ని క్యూబన్ ఒరెగానో అని ఊరికే అనలేదు: రెండింటికీ వాసననిచ్చే ముఖ్యమైన పదార్థం కార్వక్రాలే. రెండాకులు సన్నగా తరిగి దించే ముందు వేస్తే తేడా పట్టుకునేవాళ్లు తక్కువ. పట్టుకున్నా, అదేదో ఇంకా బాగుందనే అంటారు.

ఇదంతా గంటలో అవుతోందంటే పొయ్యి అలాంటిది కాబట్టి. కట్టెల పొయ్యి మీద నాలుగు లీటర్ల నీళ్లు కాగాలంటేనే అరగంట, పొగ వేరే. ఒక పక్క ఉడుకుతుంటే ఇంకో పక్క గుజ్జు చేయడానికి రెండో పొయ్యి ఎక్కడిది? పాస్తా రెండు బర్నర్ల వంట. ఆ రెండు బర్నర్లు ఈ మెట్ట పల్లెల్లోకి వచ్చిన దారి కాస్త చుట్టు తిరిగింది. కలిగిరి మండలం దూబగుంట ఉదయగిరికి ఎంతో దూరం లేదు. 1990ల మొదట్లో జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడులకు వచ్చిన ఆడవాళ్లు అక్షరాలతో పాటు సంసారాల గురించి మాట్లాడుకున్నారు. అప్పట్లో చీకటి పడితే చాలా ఇళ్లలో సారా కంపు. కూలి డబ్బులు కొట్లో పోయాక మగవాడు వచ్చి, కూర బాగాలేదని కంచం విసిరికొట్టే రాత్రులు. 1992లో దూబగుంట రోశమ్మ ముందు నడవగా ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. అది జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లకే సడలిపోయిందన్నది తర్వాతి మాట. సారా ఉద్యమం గురించి రాసేవాళ్లు రాజకీయాలు రాస్తారు, పాటలు రాస్తారు. దాని నడుమ ఉన్నది ఒక రాత్రి భోజనం అన్న సంగతి అంతగా పట్టించుకోరు. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని, ఎవరూ ఎవరినీ కొట్టకుండా, వండింది తినడం. అంతకన్నా వాళ్లు పెద్దగా అడిగిందేమీ లేదు.

ఆ ఊపులోనే నెల్లూరు జిల్లాలో రోజుకు రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. ఆ సంఘాల ఆడవాళ్లకే 1999లో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. మొదట్లో సిలిండరు అయిపోతే మళ్లీ నింపడానికి డబ్బుల్లేక చాలా ఇళ్లలో గ్యాస్ పొయ్యి గుడ్డ కప్పుకుని మూల కూర్చుంది, టీకి మాత్రమే వెలిగేది. తర్వాత 2016లో ఉజ్జ్వల పథకం, 2024 దీపావళికి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం రెండో విడత. ఇప్పుడు రెండు బర్నర్లూ ఒకేసారి వెలిగించడానికి ఎవరూ లెక్కలు వేసుకోవడం లేదు, లేక తక్కువగా వేసుకుంటున్నారు. పాస్తా పొట్లం వెనక ముద్రించిన పన్నెండు నిమిషాల వెనక ఇన్నేళ్ల నడక ఉంది. గల్ఫ్‌కు వెళ్లొచ్చిన ఆడవాళ్ల నడక ఇంకొకటి. కడప, నెల్లూరు జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో వంటపనికి వెళ్లినవాళ్లు అక్కడ మకరోనా అని పిలిచే పాస్తాను పెద్ద పెద్ద ట్రేలలో వండి వచ్చారు. తిరిగొచ్చాక తమ ఇంట్లో దాన్ని ఎంత తరచుగా వండుతారన్నది అడగాల్సిన ప్రశ్న. పరాయి ఇంట్లో జీతానికి వండినదాన్ని సొంత పిల్లలకు వండి పెట్టేటప్పుడు ఆ చేతికి ఏ రుచి గుర్తొస్తుందో!

వంట అయింది, ఇక తినడం. ఇక్కడ ఉదయగిరికి ఉన్నంత విచిత్రమైన చుట్టరికం పాస్తాతో ఇంకే ఊరికీ లేదేమో. ఈ ఊరు ఫోర్కులు చేస్తుంది. ఉదయగిరి దుర్గం కింది వీధుల్లో, ఎక్కువగా ముస్లిం కుటుంబాల్లో, ఆడవాళ్లు ఇంటి అరుగుల మీద కూర్చుని చెక్క చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, పళ్లేలు చెక్కుతారు. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి, కల్ది లాంటి తేలికపాటి, వాసన పట్టని చెక్కలు. ముందు రంపంతో చీల్చి, ఉలితో రూపు తెచ్చి, ఆకురాయితో పళ్లను ఒక్కొక్కటిగా సన్నం చేసి, గరుకు కాగితంతో నున్నగా రుద్దుతారు. ఫోర్కులో కష్టమంతా ఆ పళ్ల మధ్య సందుల్లో ఉంది: చెక్క నార వాలు చూసుకోకుండా చీలిస్తే చివరి పన్ను పుటుక్కున విరుగుతుంది, అప్పటిదాకా చేసిన పనంతా పొయ్యిలోకి. పిడుల మీద పూలూ తీగలూ, పర్షియా పద్ధతి నగిషీ అంటారు. ఉదయగిరి చెక్క కత్తులు, చెంచాల పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లేపాక్షి హస్తకళల దుకాణాల్లో గాజు అద్దాల వెనక ఉంటాయి, అక్కడి నుంచి దూరదేశాల బల్లల మీదికి. ఆ ఫోర్కుతో ఎక్కడో ఎవరో పాస్తా చుట్టుకుని తింటూ ఉండవచ్చు. చేసిన ఇంట్లో? వేళ్లతోనే. 1514లో కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి తర్వాత ఈ దుర్గాన్ని గెలిచి ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయాడు, ఊరు చేసుకున్నది ఊరు దాటిపోవడం ఇక్కడ కొత్త కాదు. (ఆ ఏడాదిన్నరా అంత సైన్యానికి రోజూ రాత్రి ఎవరు వండారన్నది ఏ శాసనంలోనూ లేదు.)

వేళ్లతో పాస్తా తినడం తప్పా? ఇటలీలోనే పంతొమ్మిదో శతాబ్దం దాకా నేపుల్స్ వీధుల్లో మాకరోనీని చేత్తో పైకెత్తి, తల వెనక్కి వంచి, నోట్లోకి వదులుకునేవాళ్లు. అలా తింటున్నవాళ్ల బొమ్మలను యాత్రికులు కొనుక్కుని పోయేవాళ్లు. కాబట్టి మర్యాద సంగతి వదిలేయవచ్చు. చిక్కు వేరే ఉంది. అన్నం ముద్ద కలపడానికి వేళ్లు అలవాటు పడ్డాయి: పప్పు పోసి, నలిపి, చుట్టి, బొటనవేలితో నోట్లోకి తోయడం. పాస్తా నలగదు. నలిగితే అది ఎక్కువ ఉడికిపోయినట్టే లెక్క. పన్నెండు నిమిషాల తర్వాత కూడా పంటికి కాస్త తగలాలన్నది దాని నియమం, ముద్దకు లొంగాలన్నది అన్నం నియమం. పొడుగు స్పఘెట్టీ అయితే వేళ్ల సందుల్లోంచి జారి పళ్లెం బయట పడుతుంది. అందుకే ఈ ఇళ్లలో గొట్టాలు, చిప్పలు, సేమ్యా లాంటివే నిలిచాయి, పొడుగువి నిలవలేదు. ముద్ద కట్టనిది కడుపులో నిలబడదన్న నమ్మకం ఒకటి ఎక్కడో ఉంది. నిజానికి శాస్త్రం చెప్పేది తలకిందులు: పిండి ఆ మాంసకృత్తుల వలలో చిక్కుకుని ఉంటుంది కాబట్టి గట్టి గోధుమ పాస్తా మెత్తటి తెల్లన్నం కన్నా మెల్లగా అరుగుతుంది. షుగర్ ఉన్న పెద్దాయనకు ఈ మాట చెబితే వింటాడు, తల ఊపుతాడు, పెరుగన్నం ఒక ముద్ద పెట్టమంటాడు.

ఎందుకని? అలవాటు అని కొట్టిపారేయడం తేలిక. తెలుగులో తిండికి మొత్తంగా ఉన్న మాటే అన్నం. వచ్చిన చుట్టాన్ని అన్నం తిన్నారా అని అడుగుతారు, అతను ఇడ్లీలు తిని ఉన్నా లేదనే అంటాడు. తక్కినదంతా టిఫిన్, లేదా ఫలహారం. సంగటి తిని బతికిన మెట్టలో ఈ అన్నం కూడా పాతదేమీ కాదు. వరన్నం పండక్కో పెళ్లికో తినేవాళ్ల తరం ఇంకా కొన్ని గడపల్లో ఉంది, రేషన్ బియ్యం ఇంటింటికీ చేరాకే రోజూ అన్నమైంది. ఎంతో కాలం ఎదురుచూసి సంపాదించుకున్నదాన్ని ఒక పొట్లం కోసం ఎలా వదులుకుంటారు? పాస్తా వచ్చి సేమ్యా పక్కన, దోసె పక్కన, ఎర్రకారం పక్కన టిఫిన్ల అరలో కూర్చుంది, అక్కడ దానికి మంచి మర్యాదే ఉంది. గ్లాసున్నర బియ్యం కుక్కర్లో పడేసిన ఇల్లాలు చేసిన లెక్క ఇదే: కూరలు రెండు, పప్పు, చారు ఉండే వంటకు బదులు ఒక గిన్నె పాస్తా, అన్నం, పెరుగు, ఊరగాయ. రెండు వంటలనిపిస్తాయి గానీ కత్తిపీట ముందు కూర్చునేది ఒకసారే. నలభై నిమిషాలు మిగులుతాయి. ఆ నలభై నిమిషాల్లో ఆమె ఏం చేస్తుందంటే, చాలాసార్లు, మర్నాటి బాక్సులకు కూరగాయలు తరుగుతుంది.

మిగిలిన పాస్తాను ఎవరూ పారేయరు. రాత్రి ఫ్రిజ్‌లో పెడితే పొద్దునకు బిగుసుకుని గడ్డ కడుతుంది. రెండు చెంచాల నీళ్లు చల్లి వేళ్లతో విడదీసి, నూనెలో ఆవాలు, జీలకర్ర, పచ్చిమిరప, కరివేపాకు చిటపటలాడాక అందులో వేసి, పెద్ద మంట మీద రెండు నిమిషాలు ఎగరేయాలి. అంచులు కొన్ని కరకరలాడతాయి, గుజ్జు ఇగిరి రంగు ముదురుతుంది. పిల్లవాడి బాక్సులోకి సరిగ్గా సరిపోతుంది. బాక్సులో చెంచా పెట్టేటప్పుడు స్టీలుదైతే ఏ ఇబ్బందీ లేదు. ఉదయగిరి చెక్క ఫోర్కు పెడితే మాత్రం సాయంత్రం బాక్సుతో పాటు తొట్టిలో నానబెట్టకూడదు. నానితే నార లేచి పళ్లు గరుకెక్కుతాయి. రాగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పళ్లు పైకి ఉండేలా గ్లాసులో నిలబెట్టి, తెల్లారి కాస్త ఎండ తగలనివ్వాలి. నెలకోసారి రెండు చుక్కల కొబ్బరినూనె.